చప్పుడు కావాలి, చప్పుడు చేసినోళ్ళు వద్దు: సల్సా పుట్టిల్లు ఎక్కడ?



పోయిన నెల ఒక యూనివర్సిటీ హాస్టల్లో మాట్లాడి బయటికి వస్తుంటే ఒక తమ్ముడు వెనకాలే వచ్చాడు. "అన్నా, ఒకటి అడుగుతా, నవ్వొద్దు" అన్నాడు. సాయంత్రం పూట సల్సా క్లాసుకు పోతున్నాడట. ట్యూషన్లు చెప్పిన డబ్బుల్లోంచి ఫీజు కడుతున్నాడట. రూమ్మేట్లు మాత్రం ఊరుకోవట్లేదట. "అది జూబ్లీహిల్స్ పిల్లల డాన్సురా. డప్పు కొట్టే ఇంట్లో పుట్టి ఆ దొరల డాన్సు ఎందుకురా నీకు?" అంటున్నారట.

"నేను తప్పు చేస్తున్నానా అన్నా?"

అప్పటికప్పుడు ఒక్క మాటే చెప్పగలిగాను. "అది దొరల డాన్సు కాదు తమ్ముడూ. కథ పెద్దది, రాస్తాను." ఈ వారం భాగం ఆ బాకీ తీర్చడానికే. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

సల్సా, మాంబో, చాచాచా, రుంబా, కొంగా. వీటన్నిటికీ కలిపి ప్రపంచం పెట్టిన పేరు "లాటిన్ డాన్స్". ఆ మాట వినగానే మెరిసే బట్టలు, ఎత్తు మడమల చెప్పులు, స్టార్ హోటలు ఫ్లోరు కళ్ళ ముందుకొస్తాయి. కానీ ఈ పేర్లను పట్టుకుని వెనక్కి నడుచుకుంటూ పోతే అన్నీ ఒకే దీవికి చేరతాయి. ఆ దీవి క్యూబా. అక్కడ కూడా మనం చేరేది రాజమహళ్ళకు కాదు. చెరకు తోటల్లో బానిసల్ని పెట్టి తాళాలేసిన కొట్టాలకు, ఓడరేవులో బస్తాలు మోసిన హమాలీల వాడలకు.

చెరకు తెచ్చిన చప్పుడు

1791లో క్యూబా పక్కనే ఉన్న సాన్ డొమింగ్‌లో, అంటే ఇప్పటి హైతీలో, బానిసలు తిరగబడ్డారు. 13 ఏళ్ళు కొట్లాడి 1804లో స్వతంత్ర దేశం తెచ్చుకున్నారు. అప్పటిదాకా యూరప్ తిన్న చక్కెరలో పెద్ద వాటా ఆ గడ్డదే. అక్కడి తోటలు తగలబడేసరికి ఆ లాభం మీద క్యూబా దొరల కన్ను పడింది. అడవులు నరికి చెరకు వేశారు. చెరకు కొట్టడానికి మనుషులు కావాలి కాబట్టి ఆఫ్రికా నుంచి మనుషుల్ని కొనుక్కొచ్చారు.

మొత్తం మీద క్యూబాకు 7 లక్షలకు పైగా ఆఫ్రికన్లను తెచ్చారు. అందులో ఎక్కువమందిని తెచ్చింది 19వ శతాబ్దంలోనే. 1820 తర్వాత ఈ వ్యాపారం చట్టప్రకారం నేరం. అయినా 1860ల దాకా ఓడలు దొంగచాటుగా వస్తూనే ఉన్నాయి. బానిసత్వం రద్దయింది 1886లో.

ఈ తేదీలు ఎందుకు చెప్తున్నానంటే, సంగీతం సంగతి ఇక్కడే ఉంది. అంత ఆలస్యంగా దిగిన మనుషుల దగ్గర వాళ్ళ భాషలు, దేవతలు, డోళ్ళు ఇంకా తాజాగా ఉన్నాయి. 1850లో సంకెళ్ళతో దిగిన మనిషి మనవడు 1930ల్లో రికార్డు చేస్తున్నాడు. తాత ఒడిలో కూర్చుని విన్న దరువు గ్రామఫోను పళ్ళెం మీదికి ఎక్కింది. మధ్యలో రెండు తరాలే.

అమెరికాలో తెల్లవాళ్ళు వేరే దారి పట్టారు. 1739లో సౌత్ కరోలినాలో స్టోనో దగ్గర బానిసలు డోలు కొట్టుకుంటూ తిరుగుబాటుకు నడిచారు. మరుసటి ఏడాదే అక్కడ బానిసల చేతిలో డోలు ఉండకూడదని చట్టం వచ్చింది. డోలంటే వార్తాహరుడని, పిలుపని దొరలకు బాగా తెలుసు.

క్యూబాలో స్పానిష్ ప్రభుత్వం లెక్క వేరు. ఆఫ్రికన్లను వాళ్ళ వాళ్ళ జాతుల వారీగా సంఘాలు పెట్టుకోనిచ్చింది. వీటిని కబిల్డోలు అనేవారు. లుకుమీలకు (అంటే యొరుబా వాళ్ళకు) ఒకటి, కాంగోలకు ఒకటి, కరబలీలకు ఒకటి, అరరాలకు ఒకటి. వేరువేరుగా ఉంచితే కలిసి తిరగబడరని ఎత్తుగడ. ఈ ఎత్తుగడ ఎవరికి గుర్తొస్తుందో మీకు చెప్పనక్కర్లేదు. ఆ జనం మాత్రం అదే సంఘాన్ని తమ అవసరానికి వాడుకున్నారు. చందాలు వేసుకుని చనిపోయినవాళ్ళను మట్టి చేశారు. డబ్బు కూడబెట్టి తోటివాళ్ళకు విడుదల కొన్నారు. ఆదివారాల్లో, పండుగల్లో డోళ్ళు దించారు. ఏటా జనవరి 6న, ముగ్గురు రాజుల పండుగ రోజు, హవానా వీధులు వాళ్ళవి. ఆ ఒక్కరోజు మాత్రం బానిస తన దేశపు వేషం కట్టి నడివీధిలో ఆడొచ్చు.

దొరల భయం కూడా ఉత్తది కాదు. 1812లో హవానాలో హోసే ఆంటోనియో అపోంటే అనే స్వేచ్ఛ పొందిన నల్లజాతి వడ్రంగి బానిసత్వం కూలగొట్టడానికి తిరుగుబాటు కూడగట్టాడు. హైతీ నాయకుల బొమ్మలు చూపించి జనానికి ధైర్యం చెప్పేవాడు. అతన్ని ఉరి తీసి, తల నరికి, బోనులో పెట్టి ఊరికి చూపించారు. 1884 వచ్చేసరికి జనవరి 6 ఊరేగింపును కూడా ఆపేశారు.

డోలు లాక్కుంటే పెట్టె ఉంది

హవానా, మతాన్సాస్ రెండూ ఓడరేవు పట్టణాలు. తోటల నుంచి బయటపడ్డవాళ్ళు రేవుల్లో కూలికి చేరారు. ఉండేది సొలార్లలో. ఒక వాకిలి, దాని చుట్టూ గదులు, గదికో కుటుంబం, అందరికీ ఒకే నీళ్ళ కుళాయి. ఆ వాకిట్లో పుట్టింది రుంబా.

తోలు డోలు కొడితే పోలీసులొస్తారు. మరి ఏం కొట్టాలి? రేవులో ఉప్పు చేపలు వచ్చిన చెక్కపెట్టెలు ఉన్నాయి, కొవ్వొత్తులు వచ్చిన పెట్టెలు ఉన్నాయి. పెద్ద పెట్టె మీద కూర్చుని మంద్రంగా, చిన్న పెట్టె మీద గలగలా. దీన్ని కహోన్ అంటారు, అంటే పెట్టె అనే అర్థం. పోలీసు వస్తే అది వాయిద్యం కాదు, కూర్చునే పీట.

ఇంకొకటి చూడండి. ఈ సంగీతాలన్నిటికీ వెన్నెముక క్లావే. రెండు గట్టి కర్రముక్కలు, ఒకదాని మీద ఒకటి కొట్టాలి. రెండు ఆవృతాల్లో ఐదు దెబ్బలు: ఒక పక్క మూడు, ఇంకో పక్క రెండు. పాట పాడేవాడు, డోలు కొట్టేవాడు, అడుగు వేసేవాడు అందరూ ఆ ఐదు దెబ్బలకు లోబడాల్సిందే. ఆ కర్రలు ఎక్కడివి? హవానా ఓడల కార్ఖానాలో పలకలు బిగించే చెక్కమేకుల నుంచి వచ్చాయని క్యూబా పండితుడు ఫెర్నాండో ఓర్టిజ్ రాశాడు. దొర ఓడకు కొట్టాల్సిన మేకు, సాయంత్రమయ్యేసరికి కూలివాడి చేతిలో తాళమైంది.

రుంబాలో మూడు రకాలు. యంబూ నెమ్మది, ముసలివాళ్ళు కూడా ఆడొచ్చు. గ్వగ్వాంకోలో మగవాడు ఆడదాన్ని కవ్విస్తాడు, ఆమె తప్పించుకుంటుంది. కొలంబియా మతాన్సాస్ పల్లెల నుంచి వచ్చింది, ఎక్కువగా మగవాళ్ళు ఒంటరిగా ఆడేది. పాటల్లో ఆ రోజు రేవులో జరిగిన గొడవ, నిన్న పోయిన మనిషి, రేపటి దిగులు అన్నీ ఉంటాయి.

వాయించేది వాళ్ళు, ఆడేది వీళ్ళు

ఇప్పుడు దొరల హాల్లోకి వద్దాం. అక్కడ యూరప్ నుంచి వచ్చిన కాంట్రాదాన్సా ఆడేవారు. ఆడేది తెల్లవాళ్ళు. వాయించేది ఎవరు? స్వేచ్ఛ పొందిన నల్లజాతి, మిశ్రజాతి సంగీతకారులు. చేతిపనులతో పాటు సంగీతం కూడా నల్లవాళ్ళ చేతుల్లోకి పోయిందని, అందుకే తెల్లవాళ్ళు ఆ పనుల జోలికి రారని 1830ల్లో హోసే ఆంటోనియో సాకో అనే తెల్ల మేధావి వాపోయాడు. వాయించడం చిన్నతనం, వాయిస్తుంటే ఆడటం పెద్దరికం! ఈ లెక్క మనకు కొత్తదా?

వాయించినవాళ్ళు చేతులు కట్టుకుని ఊరుకోలేదు. యూరప్ రాగం కింద తమ దరువు పెట్టారు. హైతీ విప్లవం నాడు అటునుంచి శాంటియాగోకు వచ్చినవాళ్ళ దరువులు కూడా అందులో కలిశాయి. దొరలకు తెలియకుండానే దొరల నడుములు ఆఫ్రికా తాళానికి ఊగాయి.

అలాంటి సంగీతకారులకు 1844లో ఏం జరిగిందో చూడండి. తిరుగుబాటు కుట్ర అనే పేరుతో ప్రభుత్వం వేల మందిని పట్టుకుంది. నిచ్చెనకు కట్టి కొరడాలతో కొట్టేవారు కాబట్టి దాని పేరే "నిచ్చెన కుట్ర" అయింది. ప్లాసిదో అనే కవిని మతాన్సాస్‌లో కాల్చి చంపారు. హవానా పెద్దల విందుల్లో వాయించిన వయొలిన్ విద్వాంసుడు, బృంద నాయకుడు క్లాడియో బ్రిందిస్ దె సలాస్‌ను జైల్లో వేశారు. అతని బృందం చెదిరిపోయింది. అదే పేరున్న కొడుకు తర్వాత యూరప్ అంతా మెచ్చిన వయొలిన్ కళాకారుడయ్యాడు. 1911లో బ్యూనస్ ఎయిర్స్‌లో దిక్కులేని పేదరికంలో పోయాడు.

1879 జనవరి 1న మతాన్సాస్‌లో మిగెల్ ఫైల్దే అనే మిశ్రజాతి సంగీతకారుడు "సింప్సన్ ఎత్తులు" అనే అర్థం వచ్చే పేరుతో ఒక కొత్త రకం బాణీని వినిపించాడు. సింప్సన్ ఆ ఊళ్ళో ఒక పేట. ఆ బాణీ పేరు దాన్సోన్. జంటలు దగ్గరగా పట్టుకుని ఆడతారు, మధ్యలో ఆగి విసనకర్ర ఊపుకుంటారు, మళ్ళీ మొదలుపెడతారు. ఇది నల్లవాళ్ళ యవ్వారం, బూతు అని పత్రికలు దుమ్మెత్తిపోశాయి. కొన్నేళ్ళకు అదే దాన్సోన్ క్యూబా జాతీయ నృత్యమని గొప్పలు మొదలయ్యాయి. గుర్తుపెట్టుకోండి, ఆ బాణీ మోగిన రోజుకు బానిసత్వం రద్దు కావడానికి ఇంకా 7 ఏళ్ళుంది.

1912: రక్తం, తర్వాత నిషేధం

స్పెయిన్ మీద స్వాతంత్ర్య యుద్ధంలో నల్లజాతి సైనికులు పెద్ద సంఖ్యలో ప్రాణాలొడ్డారు. 1902లో గణతంత్రం వచ్చింది. పదవులు మాత్రం రాలేదు. అప్పుడు 1908లో ఎవరిస్తో ఎస్తెనోస్, తర్వాత పెద్రో ఇవోనెట్ నాయకత్వంలో నల్లజాతి వాళ్ళు తమ సొంత పార్టీ పెట్టుకున్నారు. 1910లో జాతి పేరుతో పార్టీ ఉండకూడదని చట్టం చేశారు. 1912లో వాళ్ళు ఆయుధాలతో నిరసనకు దిగితే సైన్యం ఓరియంటే ప్రాంతంలో వేల మందిని ఊచకోత కోసింది. నాయకులిద్దర్నీ చంపేసింది.

ఆ తర్వాత వంతు డోళ్ళది. హవానాలో కార్నివాల్ బృందాల ఊరేగింపులను, అంటే కంపార్సాలను, నిషేధించారు. ఆ నిషేధం 1937 దాకా నడిచింది. మనుషులు సొంత పార్టీ అడిగినందుకు వాళ్ళ దరువు మీద కూడా కక్ష తీర్చుకున్నారు. అయితే ఎన్నికలప్పుడు మాత్రం రాజకీయ పార్టీలు అదే కొంగా బృందాల్ని ముందు పెట్టుకుని ఊరేగాయి. ఓటుకు డోలు పనికొస్తుంది, పండక్కి పనికిరాదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఓరియంటే కొండల నుంచి సోన్ అనే సంగీతం హవానాకు దిగింది. ఈరోజు సల్సా అంటున్నదానికి తల్లి ఇదే. మూడు జంట తీగల ట్రెస్ స్పెయిన్ గిటారు వంశం. మరాకాస్, క్లావే, ఇనుప నాలుకల మరింబులా, జంట డోళ్ళ బొంగో, ఒకరు పాడితే అందరూ అందుకునే పల్లవి, ఇవన్నీ ఆఫ్రికా పిల్లలు చేసినవి. పోలీసులు సోన్ వాయించేవాళ్ళను పట్టుకుని బొంగోలు గుంజుకునేవారు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఇప్పటిలా ఇనుప మరలు లేని ఆ రోజుల్లో బొంగో తోలు బిగువెక్కాలంటే మంట సెగ చూపించేవారు. సెగ చల్లారితే శ్రుతి పోతుంది, మళ్ళీ సెగ. మన వాడల్లో గడ్డి మంటేసి డప్పు కాచుకోవడం చూసినవాళ్ళకు ఇంకేం చెప్పాలి?

తేడా కూడా చెప్పుకోవాలి, లేకపోతే చరిత్ర కాదు. క్యూబాలో తోలు ముట్టుకుంటే మైల అనే మాట లేదు. అక్కడ నిషేధం వెనక ఉన్నది తిరుగుబాటు భయం, జాతి అసహ్యం. ఇక్కడ డప్పును ఎవరూ నిషేధించలేదు. కొట్టి తీరాల్సిందే అన్నారు, కొట్టినవాణ్ణి ఊరి బయట నిలబెట్టారు. రెండు దారులూ వేరు. రెండిటి కిందా నలిగింది మాత్రం చప్పుడు చేసిన మనిషి.

తండ్రి నిషేధించాడు, కొడుకు అమ్ముకున్నాడు

ఈ కథలో నేను ఎప్పటికీ మర్చిపోలేని ఘట్టం ఇది. 1925లో శాంటియాగో నగర మేయరు డెసిడెరియో అర్నాజ్. తన ఊళ్ళో వీధి కొంగా ఊరేగింపులను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. నాగరికతకు మచ్చ అని, అసభ్యమని సాకు. 1933లో క్యూబాలో ప్రభుత్వం కూలిపోయింది, మేయరు కుటుంబం అమెరికాకు చేరింది. ఆ మేయరు కొడుకు దేసీ అర్నాజ్, 1930ల చివర్లో మయామీలో బ్యాండు పెట్టి ఏం ఆడించాడో తెలుసా? కొంగా! ఒకరి నడుము ఒకరు పట్టుకుని వరసగా నడిచే కొంగా లైను అమెరికాను ఊపేసింది. దేసీ హాలీవుడ్ తార అయ్యాడు, 1951 నుంచి టీవీలో ఇంటింటికీ తెలిసిన ముఖమయ్యాడు. అతని పేరు మోగించిన పాట "బబలూ" ఒక యొరుబా దేవత పేరు మీద ఉంది. రోగాలకు, మశూచికి అధిపతి ఆ దేవత. మనకు పోచమ్మలాగా.

శాంటియాగో వీధిలో నల్లపిల్లవాడు కొడితే నేరం. మయామీ హోటల్లో మేయరు కొడుకు కొడితే వినోదం. దేసీకి ప్రతిభ లేదని నేననను. కానీ ఆ దరువు నేర్పిన మనుషుల పేర్లు మనలో ఒక్కరికైనా తెలుసా?

1930లో దోన్ అస్పియాసు బృందం, ఆంతోనియో మచీన్ గొంతుతో, న్యూయార్క్‌లో "ఎల్ మనిసెరో" రికార్డు చేసింది. వీధిలో పల్లీలు అమ్ముకునేవాడి కేక ఆ పాట. పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. అది నిజానికి సోన్. అమ్మినవాళ్ళు దానికి "రుంబా" అని పేరు పెట్టారు. అంతే, ప్రపంచానికి అదే రుంబా అయిపోయింది. తర్వాత ఇంగ్లండ్ డాన్స్ టీచర్లు అడుగులు లెక్కగట్టి, పుస్తకాల్లో రాసి, పోటీలకు "లాటిన్" జాబితా చేశారు. అందులో ఐదు: రుంబా, చాచాచా, సాంబా, పాసో డోబ్లే, జైవ్. ఈ రుంబా మతాన్సాస్ వాకిట్లో ఆడే రుంబా కాదు. పాసో డోబ్లే స్పెయిన్ ఎద్దుల పోరుది. జైవ్ అమెరికా నల్లవాళ్ళది. పేరు పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉంటే చరిత్ర వాళ్ళు చెప్పినట్టే తిరుగుతుంది.

గుడ్డివాడు తెరిచిన దారి

సల్సాకు నిజమైన తాత ఎవరంటే నేను ఆర్సేనియో రోడ్రిగ్స్ పేరు చెప్తాను. 1911లో మతాన్సాస్ ప్రాంతంలో పుట్టాడు. కాంగో నుంచి బానిసగా వచ్చిన మనిషికి మనవడు. చిన్నప్పుడే పశువు తన్నడంతో చూపు పోయింది. ట్రెస్ పట్టుకుంటే దానికి మించినవాడు లేడన్నారు. 1937లో తెల్లవాళ్ళ క్లబ్బుల్లో వాయించే ఒక బ్యాండు అతని పాట "బ్రూకా మనిగువా"ను రికార్డు చేసింది. దొర తనను బతకనివ్వడం లేదని ఒక ఆఫ్రికా బానిస తన మాటల్లో చెప్పుకునే పాట అది. దానికి ఫ్లోరు మీద అందరూ ఆడారు.

1940 ప్రాంతంలో ఆర్సేనియో తన బృందాన్ని పెంచాడు. పియానో చేర్చాడు, ఒకటికి మించి బాకాలు చేర్చాడు, అన్నిటికన్నా ముఖ్యంగా కొంగా డోలును వేదిక మధ్యకు తెచ్చాడు. అప్పటిదాకా అది వీధిది, మొరటుది, మర్యాదస్తుల బ్యాండులో చోటు లేనిది. ఈరోజు కొంగా లేని సల్సా బ్యాండు చూపించండి!

దాని పక్కనే మిగతావి పుట్టాయి. 1938లో ఒరెస్తెస్ లోపెస్ "మాంబో" అనే దాన్సోన్ రాశాడు. మతాన్సాస్ వాడు పెరెజ్ ప్రాదో 1940ల చివర్లో మెక్సికో వెళ్ళి మాంబోను ప్రపంచానికి వినిపించాడు. ఎన్రికే హోరీన్ ఆడేవాళ్ళ పాదాలు నేలకు రాసుకుంటున్న శబ్దం విని చాచాచా అన్నాడు. 1953లో అది రికార్డై ఊరూరా తిరిగింది. 1947లో హవానా సొలార్లో పెరిగిన చానో పోసో తన కొంగాతో డిజ్జీ గిలెస్పీ జాజ్ బృందంలో కూర్చుని "మంతేకా" ఇచ్చాడు. మరుసటి ఏడాది డిసెంబరులో హార్లెంలో తూటాకు పోయాడు. న్యూయార్క్‌లో మచీతో, మారియో బౌసా 1940లో పెట్టిన బ్యాండుకు పెట్టుకున్న పేరు చూడండి: "ఆఫ్రో క్యూబన్స్". అందరూ దాచుకుంటున్న మాటను వాళ్ళు బ్యాండు పేరులోనే రాసుకున్నారు. జై భీమ్ అని పలకడానికి గొంతు సర్దుకునే మన పిల్లలు ఆ ఒక్క మాట నేర్చుకున్నా చాలు.

మన లోపలి మాట కూడా ఒకటి. పవిత్రమైన బటా డోళ్ళను ఆడవాళ్ళు ముట్టకూడదన్న కట్టుబాటు ఆ నల్లజాతి వాడల్లోనే ఉండేది. 1932లో హవానాలో కాస్ట్రో అక్కచెల్లెళ్ళు, చైనా తండ్రికి నల్లజాతి తల్లికి పుట్టినవాళ్ళు, అందరూ ఆడవాళ్ళే ఉన్న సోన్ బ్యాండు పెట్టారు. పేరు అనకాఓనా. స్పానిష్ వాళ్ళు ఉరితీసిన తైనో రాణి పేరు అది. డోలు మీద ఆడవాళ్ళ హక్కు గురించి మాట్లాడకుండా మనం కూడా ఏ డోలు గురించీ గొప్పలు చెప్పుకోలేం.

సల్సా అనే సీసా

1964లో న్యూయార్క్‌లో జానీ పచెకో అనే డొమినికన్ సంగీతకారుడు, జెర్రీ మసూచి అనే లాయరు కలిసి ఫానియా రికార్డుల కంపెనీ పెట్టారు. సోన్, మాంబో, ప్యూర్టోరికో బోంబా, ప్లేనా, జాజ్, అన్నిటినీ కలిపిన కొత్త సంగీతాన్ని సల్సా అనే పేరుతో అమ్మారు. సల్సా అంటే పచ్చడిలాంటి సాస్.

ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. సల్సా కంపెనీ సృష్టి మాత్రమే కాదు. అది ఈస్ట్ హార్లెం, సౌత్ బ్రాంక్స్‌లో ఇళ్ళు తగలబడుతున్న రోజుల్లో ప్యూర్టోరికన్ కూలీల పిల్లలు తమ బతుకును పాడుకున్న గొంతు. విల్లీ కొలోన్, హెక్టర్ లవో, ఎడ్డీ పాల్మియెరి, రూబెన్ బ్లేడ్స్ దాన్ని రక్తం పెట్టి నిలబెట్టారు. వాళ్ళ హక్కు వాళ్ళదే.

కానీ రికార్డు మీద చిన్న అక్షరాలు చదవాలి. క్యూబా మీద అమెరికా ఆంక్షలున్నాయి. పాత క్యూబా పాటలు ఎన్నో ఫానియా రికార్డుల మీదికి వచ్చాయి. రాసినవాడి పేరు ఉండాల్సిన చోట రెండే అక్షరాలు: డి.ఆర్. స్పానిష్‌లో "హక్కులు రిజర్వు" అని దాని అర్థం. ఎవరి హక్కులు? ఆ పేరు ఉండదు. హవానాలో ఆ పాట కట్టిన మనిషి పేరు ఆ రెండు అక్షరాల కింద మట్టిలో కలిసింది. ఆర్సేనియో 1970 డిసెంబరులో లాస్ ఏంజెల్స్‌లో పోయాడు. మరుసటి ఏడాదే చీతా క్లబ్బులో ఫానియా తారల కచేరీతో సల్సా గుప్పుమంది.

దరువు ఇంటికి పోయింది

ఒక మంచి మాట చెప్పి ముగిస్తాను.

1930ల నుంచి క్యూబా రికార్డులు ఓడల్లో కాంగోకు చేరాయి. అక్కడి జనం విన్నారు, ఇది మనదే కదా అనుకున్నారు. గిటారు పట్టి తమ భాషల్లో తమ రుంబా చేసుకున్నారు. 1974లో ఫానియా తారలు కిన్షాసాకు వెళ్ళారు. సేలియా క్రూస్ స్పానిష్‌లో పాడుతుంటే ఒక్క ముక్క స్పానిష్ రాని వేలమంది ఊగిపోయారు. ఓడ అడుగున సంకెళ్ళతో పోయిన దరువు, వందేళ్ళ తర్వాత విమానంలో తిరిగొచ్చింది. క్యూబా రుంబాను 2016లో, కాంగో రుంబాను 2021లో యునెస్కో మానవజాతి వారసత్వంగా గుర్తించింది.

గుర్తింపు సరే. 1996లో "బ్వేనా విస్తా సోషల్ క్లబ్" రికార్డింగుకు పిలుపు వచ్చేనాటికి మహా గాయకుడు ఇబ్రహీం ఫెర్రేర్ ఏం చేస్తున్నాడు? హవానాలో బూట్లు పాలిష్ చేసి నాలుగు డబ్బులు సంపాదించుకుంటున్నాడు. అతనికి అప్పటికి దాదాపు 70 ఏళ్ళు. బ్వేనా విస్తా అన్నది ఒకప్పుడు హవానాలో నల్లజాతి వాళ్ళు పెట్టుకున్న క్లబ్బు పేరు. తెల్లవాళ్ళ క్లబ్బులు గేటు తియ్యలేదు కాబట్టి పెట్టుకున్న క్లబ్బు.

తమ్ముడూ, ఇప్పుడు నీ ప్రశ్న. నువ్వు తప్పు చెయ్యట్లేదు. ధైర్యంగా క్లాసుకు పో. ఆ ఐదు దెబ్బల క్లావే వినిపించినప్పుడు అది ఓడరేవు హమాలీల చేతిదని తెలిసి అడుగు వెయ్యి. నీ రూమ్మేట్లకు ఈ పోస్టు చూపించు. వాళ్ళ కోపంలో తప్పు లేదు, గురి తప్పింది అంతే. దొరలది అనుకున్న డాన్సు నీలాంటివాళ్ళదే. దొరలది ఆ ఫ్లోరు, ఆ టికెట్టు, ఆ పేరు.

ఇక డప్పు సంగతి. 1994 దండోరా నుంచి తెలంగాణ ధూంధాం దాకా డప్పు తలెత్తుకుంది. ఇవాళ కాలేజీ ఫెస్టుల్లో, సినిమాల్లో, పెళ్ళిళ్ళలో అందరికీ డప్పు కావాలి. సంతోషమే. కానీ క్యూబా నేర్పిన మూడు ప్రశ్నలు ప్రతిసారీ అడుగుదాం. పేరు ఎవరిది పడింది? డబ్బు ఎవరికి చేరింది? కొట్టినవాడు ఆట అయ్యాక అదే హాల్లో అందరితో కూర్చుని అన్నం తిన్నాడా?

మూడో ప్రశ్నకు జవాబు రానంతకాలం, చప్పుడుకు పడ్డ చప్పట్లను మనకు దక్కిన గౌరవం అనుకోవద్దు.

వచ్చే భాగంలో బ్రెజిల్‌కు పోదాం. రియోలో సాంబా ఒక ఆడమనిషి, తియా సియాతా, ఇంట్లో ఎలా పెరిగిందో, 1916లో ఒక పాటను రిజిస్టరు చేయించగానే అది ఎవరిదన్న తగాదా ఎందుకు వచ్చిందో చెప్పుకుందాం.

జై భీమ్!